చర్ఖీ, గిలక

మా అమ్మీ బావి దగ్గర 'చర్ఖీ' అనేది. పక్కింటి అత్తమ్మ 'గిలక' అనేది. బావి ఒకటే, చేంతాడు ఒకటే, నీళ్ళూ అవే. నేను ఇంట్లో చర్ఖీ అనీ, బడిలో గిలక అనీ పెరిగాను. మొన్న అల్మాస్‌గూడలో ఒక షెడ్డు ముందు కారు బానెట్ ఎత్తి నిలబడినప్పుడు ఆ రెండు మాటలూ గుర్తొచ్చాయి. ఉస్తాద్ మాత్రం 'పుల్లీ' అన్నాడు.

అల్మాస్ అంటే ఉర్దూలో వజ్రం. గూడ తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ఊరి పేరులో రెండూ ఎప్పుడో కలిసిపోయాయి, ఎవరూ విడదీసి చూడరు. ఈ ఊళ్ళో అద్దెకు ఇల్లు వెతికినప్పుడు నా పేరును మాత్రం విడదీసి చూశారు. ఫోన్లో నా తెలుగు విని "రేపొచ్చి అడ్వాన్సు ఇవ్వండి సార్" అన్న పెద్దమనిషి, పేరు చెప్పగానే "మా తమ్ముణ్ణి అడిగి చెప్తా" అన్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఇది కొత్త కథ కాదు. మీలో కొందరికి అనుభవం, కొందరికి నమ్మబుద్ధి కాని విషయం.

కారు సెకండ్ హ్యాండ్‌ది. పవర్ స్టీరింగ్ పంపు సీలు పోయి ఆయిల్ కారుతోంది. తిప్పితే చేతులు లాగేస్తున్నాయి. రాణిగంజ్ వెళ్ళి ఇంకో పంపు తెచ్చాను. దానికి పుల్లీ లేదు. పాత పంపుది ఊడదీసి దీనికి ఎక్కించాలి. బి.ఏ. చదివినవాణ్ణి కదా, పది నిమిషాల పని అనుకున్నాను.

ఉస్తాద్ నవ్వి పుల్లీ చేతికిచ్చాడు. దీనికి పైన బిగించే నట్టు లేదు. దాని రంధ్రం పంపు షాఫ్టు కంటే వెంట్రుకవాసి చిన్నది. ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. పనివాడు కుర్రాడు సుత్తి అందుకున్నాడు. "హతోడా నక్కో బేటే!" అని ఉస్తాద్ గట్టిగా అరిచాడు. తర్వాత నాకు చెప్పాడు: సుత్తితో కొడితే పుల్లీ ఎక్కుతుంది. కానీ ఆ దెబ్బ షాఫ్టు గుండా లోపలికి పోయి బేరింగును, లోపలి రెక్కల్ని పాడుచేస్తుంది. పైకేమీ కనబడదు. నెల తిరక్కుండా పంపు ఏడవడం మొదలుపెడుతుంది.

దానికో పనిముట్టు ఉంది. షాఫ్టు చివర మరలున్న రంధ్రంలోకి పొడుగాటి బోల్టును పూర్తిగా ఎక్కించాడు. సగమే ఎక్కిస్తే మరలు కోసుకుపోతాయట. దాని మీద బేరింగు, పెద్ద నట్టు. ఒక పానాతో బోల్టును కదలకుండా పట్టుకొని, ఇంకో పానాతో నట్టు తిప్పాడు. బోల్టు షాఫ్టును ఇవతలికి లాగుతుంది, నట్టు పుల్లీని అవతలికి నెడుతుంది. బలమంతా ఆ రెంటి మధ్యే. పంపుకు దెబ్బ తగలదు. పుల్లీ మెల్లగా, పంటి బిగువున ఎక్కింది. షాఫ్టు చివర పుల్లీ ముఖంతో సమానంగా రాగానే ఆపేశాడు.

నట్టు తిప్పుతూనే మాట్లాడాడు. షెడ్డు బోర్డు మీద 'ఆటో వర్క్స్' అని మాత్రమే ఉంది. ముందు పెద్ద చెరిపివేత. అక్కడ అతని పేరు ఉండేదట. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు. ఆ తర్వాత నెలరోజులు ఒక్క బండి రాలేదు. "మీకేమీ అనుమానం కాదుగానీ, పేరు తీసేస్తే బేరాలొస్తాయి కదా" అన్నాడట స్థలం ఓనరు. తీసేశాడు. బేరాలొచ్చాయి. ఆ కేసులో 2016 డిసెంబర్‌లో ఐదుగురికి శిక్ష పడింది. వాళ్ళలో హైదరాబాదీ ఒక్కడూ లేడు. చెరిపిన పేరు మాత్రం తిరిగి రాలేదు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకొచ్చినవాళ్ళు చనిపోతే, పోలీసులు పట్టుకెళ్ళిందీ మా కుర్రాళ్ళనే. తర్వాత కోర్టులు వాళ్ళలో చాలామందిని నిర్దోషులన్నాయి. ఆ రోజుల్లో పేపర్లన్నీ 'అనుమానితులు' అని పెద్దక్షరాల్లో రాసుకున్నాయి. అలాంటి హెడ్డింగులు పెట్టిన చేతుల్లో నా చెయ్యీ ఉంది. నిర్దోషులని తేలిన వార్తకు లోపలి పేజీలో రెండంగుళాలు దొరికింది. ఆ సుత్తి నేనూ పట్టాను. దెబ్బ లోపలెక్కడో తగిలింది, పైకి కనబడలేదు.

ముస్లింలలో సొంతంగా పనిచేసుకు బతికేవాళ్ళు ఎక్కువ, నెలజీతాలవాళ్ళు తక్కువ అని 2006లో సచార్ కమిటీ రాసింది. రిపోర్టులో అది అంకె. ఇక్కడ అది రేకుల షెడ్డు, రెండు పానాలు, పేరు లేని బోర్డు.

పంపు బిగించాక ఉస్తాద్ ఇనుప స్కేలు ఆనించి పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయా అని చూశాడు. వరస తప్పితే పట్టా కీచుమంటుంది, తెగుతుంది. ఆయిల్ పోసి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను ఆపే ఉంచి స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించాడు. లోపలి గాలి బుడగలుగా పైకొచ్చింది. అప్పుడు స్టార్టు చెయ్యమన్నాడు. ఒక్క వేలితో తిరిగింది.

డబ్బులిస్తూ "పేరు మళ్ళీ రాయించరాదా భాయ్?" అన్నాను. "మీ పేపర్లో మీ పేరు పూరా వస్తదా?" అన్నాడు.

రాదు. పొడి అక్షరాలు వేసుకుంటాను. చూసినవాళ్ళు ఎవరో ఒకరనుకుంటారు. ఇల్లు కూడా చివరికి అలాగే దొరికింది, మిత్రుడు తన పేరుతో మాట్లాడిపెడితే. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ బలవంతపెట్టలేదు. నా అంతట నేనే చెరిపేసుకున్నాను. ఉస్తాద్‌కి బేరం పోతుందన్న భయముంది. నాకేముందో ఆలోచించాల్సి వచ్చింది.

ఈ వ్యాసం కింద మాత్రం నా పేరు పూర్తిగా వెయ్యమని సంపాదకులకు చెప్పాను.