ఇంటి వాసనలు

తెలుగులో దుర్వాసన ఒక్కటి కాదు. చేపది నీచు, నిలవ బియ్యానిది ముక్క వాసన, అడుగంటిన అన్నానిది మాడు, నూనె పొగలెత్తితే కమురు, వానాకాలపు గోడలది చెమ్మ. పేరు పలకగానే కారణం తెలిసిపోతుంది. పేరు పెట్టడంలోనే మన పెద్దలు సగం వైద్యం చేసి ఉంచారనిపిస్తుంది నాకు.

అంగట్లో అమ్మే సువాసన సీసాలకు ఈ తేడాలు పట్టవు. అన్నిటికీ ఒకే మల్లెపూవును అడ్డుపెడతాయి. నీచు మీద మల్లె చల్లితే రెండూ కలిసి కూర్చుంటాయి, అంతే. చేపల గిన్నెకు చింతపండు రుద్దే ఇల్లాలిది వేరే దారి. ఆ నీచుకు ముఖ్య కారణం ట్రైమిథైలమీన్ అనే క్షారం. చింతపండులోని ఆమ్లం దానిని లవణంగా మారుస్తుంది. లవణం గాలిలోకి లేవదు కనుక ముక్కును చేరదు.

చాన్నాళ్ళు వాడని స్నానాలగది మురుగు వాసన వేస్తే, చాలాసార్లు ఒక చెంబెడు నీళ్ళు చాలు. మురుగు గొట్టపు వంపులో నిలిచే నీరే కింది వాయువును పైకి రాకుండా ఆపుతుంది. ఆ నీరు ఆవిరైతే దారి తెరుచుకున్నట్టే. మరుగుదొడ్డికి ఇలాంటి వంపు గొట్టాన్ని అమర్చి 1775లో పేటెంటు పొందిన అలెగ్జాండర్ కమ్మింగ్ లండన్‌లో గడియారాలు చేసేవాడు.

పోగొట్టకూడని దుర్వాసన కూడా ఒకటుంది. వంటగ్యాసుకు ఆ కంపు తనది కాదు, మనల్ని హెచ్చరించడానికి కలిపిన ఈథైల్ మెర్కాప్టన్‌ది. 1937 మార్చి 18న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు న్యూ లండన్ బడిలో వాసన లేని సహజవాయువు చేరి పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తరువాతే అక్కడ వాయువుకు వాసన కలపాలని చట్టం వచ్చింది. ఆ కంపు సోకినప్పుడు అగరువత్తి కాదు, కిటికీ గుర్తుకు రావాలి. రెగ్యులేటరు కట్టెయ్యాలి, స్విచ్చి ముట్టుకోకూడదు.

ఇవన్నీ వస్తువుల సంగతులు. మనిషి దగ్గర వాసన వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది అమ్మను చూసి తెలుసుకున్నాను. మా నాయనమ్మ చివరి రెండేళ్ళూ మంచంలోనే ఉంది. చుట్టాలలో ఒకావిడ గడప దగ్గరే కొంగు ముక్కుకు పెట్టుకుని, "ఎవరైనా వచ్చే ముందు కాస్త సాంబ్రాణి వెయ్యరాదూ!" అన్నది. అమ్మ గొంతు తగ్గించి, "ఆ పొగ ఎందుకు వేశామో అత్తయ్యగారికి తెలియదా?" అని మాత్రం అన్నది.

సాంబ్రాణి వెయ్యలేదు. రోజుకు రెండుసార్లు దుప్పట్లు మార్చేది. వేడినీళ్ళలో నానబెట్టి ఉతికేది. బొంతలు దండెం మీద మధ్యాహ్నమంతా ఎండేవి. కిటికీ తలుపులు చలికాలంలో తప్ప మూసేది కాదు. ఒళ్ళు తుడిచి, పొడి చీర కట్టాకే తాను కాఫీ తాగేది.

నాయనమ్మకు చూపు మందగించినా అడుగుల చప్పుడు తెలిసేది. ఎవరు వచ్చినా మంచం అంచున చేత్తో తట్టి, "ఇట్లా వచ్చి కూర్చో" అనేది. చివరిదాకా అలా పిలుస్తూనే ఉంది.