పై పోర్షన్ పిల్లలు

3 జూన్ 2019, సోమవారం

రోహిణి కార్తె ఇంకా వదల్లేదు. బోరు నీళ్ళకి బదులు గాలి కక్కుతోంది. ట్యాంకర్ వాడు రేపంటున్నాడు. పై పోర్షన్‌లో అద్దెకుంటున్న మార్మన్ మిషనరీ పిల్లలిద్దరూ పొద్దున్నే సంపులోంచి తోడుకుని డాబా మీదికి మోశారు. ఇవాళ వాళ్ళకి సెలవు. సెలవంటే పడుకోవడం కాదు. బట్టలు ఉతుక్కోవడం, గదులు కడుక్కోవడం, ఏఎస్ రావు నగర్ వెళ్ళి వారానికి సరిపడా కూరలూ సరుకులూ తెచ్చుకోవడం.

ఇద్దరిలో అమెరికా నుంచి వచ్చిన యూటా అబ్బాయికి పందొమ్మిదేళ్ళు. తెల్లచొక్కా కాలరుకి సబ్బు రాసి, పాత టూత్‌బ్రష్‌తో మడత లోపలి మట్టిగీత పోయేదాకా రుద్దుతాడు. చొక్కాలన్నీ అలాగే. వీపు ఎర్రగా కమిలిపోయింది. "వాళ్ళమ్మ చూస్తే ఏడుస్తుందమ్మా" అంది మా పనమ్మాయి. నాకలా అనిపించలేదు. మురిసిపోతుంది.

ఆ తల్లితో ఏడున్నరకి వీడియో కాల్. అక్కడ ఆదివారం రాత్రి. పైన ఉతికిన చొక్కా, టై, కింద తువ్వాలు. వారం వారం మాట్లాడుకోవడం కూడా ఈ ఫిబ్రవరి నుంచేనట. అంతకుముందు ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ.

8 జూన్, శనివారం

మృగశిర. నెల్లూరు వాళ్ళం, ఈరోజు చేపలు తెచ్చుకోకపోతే ఎలా? పులుసు మామిడికాయ వేసి పెట్టాను. పైవాళ్ళకి గిన్నెడు పంపితే జతలో రెండోవాడు, రాజమండ్రి అబ్బాయి, ముల్లు తీసి తీసి యూటా అబ్బాయి కంచంలో వేస్తున్నాడు, ముఖం మాత్రం మాడ్చుకుని. పొద్దున ఏదో గొడవైందట.

వీళ్ళు స్నేహితులు కారు. నేను చాలాకాలం స్నేహితులే అనుకున్నాను. జత ఎవరో బెంగుళూరు మిషన్ ఆఫీసు తేలుస్తుంది, ఆరు వారాలకోసారి మార్చినా మారుస్తుంది. పడినా పడకపోయినా ఇద్దరూ కలిసే వెళ్ళాలి, కలిసే రావాలి. మొన్న యూటా అబ్బాయికి విరేచనాలు పట్టుకుంటే రెండోవాడు రోజంతా గడప దాటలేదు. ఓఆర్‌ఎస్ కలిపివ్వడం, బాత్‌రూమ్ కడగడం, మళ్ళీ కలిపివ్వడం. పొద్దున ఆరున్నరకి లేచి రాత్రి పదిన్నరకి దీపం ఆర్పేదాకా ఒకే మనిషి ఎదురుగా ఉంటాడు. బోధించడం కంటే నాకు ఇదే పెద్ద పరీక్షగా కనిపిస్తోంది. పెళ్ళయిన కొత్తలో నాకైనా మధ్యాహ్నాలు దొరికేవి, ఆయన డ్యూటీకి పోతే!

టీ తాగరు, కాఫీ తాగరు. 1833 నుంచీ వాళ్ళ చర్చిలో ఉన్న నియమం. సికింద్రాబాదులో టీ వద్దంటే ఏ ఇంట్లోనైనా చిన్నబుచ్చుకుంటారు. యూటా పిల్లవాడు గుమ్మంలో నిలబడి "మజ్జిగ ఉందా ఆంటీ" అని తెలుగులో అడగడం నేర్చుకున్నాడు. అదొక్కటి తప్పు లేకుండా వస్తుంది.

16 జూన్, ఆదివారం

మాంచెస్టర్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్. కాలనీ అంతా టీవీల ముందే. పైవాళ్ళు ఆదివారం ఆటలు చూడరు. రాజమండ్రి అబ్బాయి మాత్రం ఏదో పని ఉన్నట్టు మా మెట్ల మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టాడు, గంటసేపు. మా ఆయనకి అర్థమై హాల్లోంచి పెద్దగొంతుతో స్కోరు చదవడం మొదలుపెట్టారు. రోహిత్ 140 కొట్టి అవుటైతే బ్రష్ కింద పడింది. దేవుడికి ఇంత చిన్న విషయం పట్టదనే నా నమ్మకం.

23 జూన్, ఆదివారం

మా చర్చిలో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, ఆ మార్మన్ పిల్లలకి ఇల్లెందుకిచ్చావమ్మా అన్నారు. వాళ్ళ సిద్ధాంతం నాకూ ఎక్కదు. బైబిలు పక్కన ఇంకో గ్రంథం పెట్టడం బాప్టిస్టు ఇంట్లో పుట్టినదానికి మింగుడుపడే విషయం కాదు. అయినా ఆయనకి గుర్తు చేశాను: ఆ పిల్లల చర్చిని హైదరాబాదులో నాటింది తెల్లవాళ్ళు కారు, ధర్మరాజు దంపతులు. ఎడ్విన్ గారు కీటక శాస్త్రవేత్త. భార్య ఎల్సీ గారితో సమోవాలో ఉండగా అక్కడ ఆ చర్చిలో చేరి, 1978 డిసెంబరులో సొంత ఊరికి మిషనరీలుగా వచ్చారు. చుట్టాల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీ గారి తండ్రి, బాప్టిస్టు బోధకుడు పి. శ్రీనివాసం గారు! పెద్దాయన ఇక మాట్లాడలేదు.

మన బాప్టిస్టులూ అలా మిషనరీలుగా పరాయి దేశం వెళ్ళారు కదా. నెల్లూరు జాన్ రంగయ్య గారు 1903లో భార్యాబిడ్డలతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో గిరిమిటియాలుగా, అంటే ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువాళ్ళ కోసం. పంపింది మన తెలుగు బాప్టిస్టులే. కియర్స్‌నీ తేయాకు తోటలో ఆయన కట్టిన సంఘం గురించి మా నాన్న చెప్తుండేవారు. అక్కడ ఆయన బట్టలు ఎవరు ఉతికారో, ఆయన భార్య పిల్లలకి ఏం వండిపెట్టారో ఎవరూ చెప్పలేదు. మెదక్ చర్చి గోపురం చూసి, దాన్ని కట్టించిన పాస్నెట్ దొరగారిని తలుచుకోవడం తేలిక. నాకు ఆ వంటింటి లెక్కలు కావాలి.

1 జులై, సోమవారం

వానలు పట్టాయి. ఉతికినవి ఆరక గదంతా తాళ్ళే.

వీళ్ళ పనేమిటని పక్కింటి కల్నల్ గారి భార్య అడిగింది. తలుపులు తట్టరు, రోడ్డు మీద పుస్తకాలు పంచరు, అడిగినవాళ్ళకే చెప్తారు. అడిగేవాళ్ళు తక్కువ. కాబట్టి పనిలో ఎక్కువ భాగం ఎదురుచూపు. రమ్మన్నవాళ్ళింటికి యాప్రాల్ దాకా బస్సూ నడకా కలిపి వెళ్తే తాళం వేసి ఉంటుంది. తిరిగొచ్చి చదువుకుంటారు. దీనికి జీతం లేదు సరికదా, ఎదురు కట్టాలి. యూటా అబ్బాయి ఇంటివాళ్ళు నెలకి 400 డాలర్లు కడుతున్నారు. అందులో వాడు హైస్కూల్లో ఉండగా పక్కిళ్ళ గడ్డి కోసి దాచిన డబ్బు ఉంది. రాజమండ్రి అబ్బాయి తండ్రి ఆటో నడుపుతాడు. కొంత ఆయన, మిగతాది చర్చి.

ఎంతమంది చేరారని నేను అడగలేదు. మా ఆయన అడిగేశారు. "ఈ ఊళ్ళో నా చేతి మీదుగా ఎవరూ లేరు అంకుల్" అన్నాడు యూటా అబ్బాయి. సిగ్గుపడుతూ కాదు, మామూలుగా.

15 జులై, సోమవారం

మార్పు కబురు వచ్చింది. యూటా అబ్బాయికి కోయంబత్తూరు. పొద్దున్నించీ సర్దుతున్నాడు. రాజమండ్రి అబ్బాయి పెట్టె మీద కూర్చుంటే గానీ జిప్పు పడలేదు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు, నెలన్నరగా ఈ నవ్వు ఎక్కడ దాచారో.

కొత్తగా వచ్చేది చెన్నై కుర్రాడట. విదేశీయుడు కాదు కాబట్టి 24 గంటల్లో ఫారం-సి నింపే గొడవ తప్పిందని మా ఆయన సంతోషం. వీడికి తమిళం రాదు, వాడికి తెలుగు రాదు. ఇక ఇంగ్లీషులో పోట్లాడుకోవాలి.