అత్తయ్య చేతిలో అమెరికా కుంపటి

ఒహాయోలో మేం ఈ ఇల్లు కొన్నప్పుడు పాతవాళ్ళు వదిలేసి వెళ్ళిన సామానులో ఒక బొగ్గుల గ్రిల్ ఉంది. అదేనండీ, మూడు కాళ్ళ మీద నిలబడ్డ నల్లటి గుండ్రటి బాన, దాని మీద అంతే గుండ్రటి మూత. వెనక డెక్ కింద రెండేళ్ళు అలాగే పడి ఉంది. మూత తీస్తే లోపల వేలెడు మందాన జిడ్డు, అడుగున తడిసి గట్టిపడిన బూడిద, పైన సాలెపురుగుల కాపురం. "పారేద్దాం, గ్యాసుది కొనుక్కుందాం" అని మా వారు ప్రతి ఎండాకాలం అనేవారు. పారేయడానికైనా దాన్ని ముట్టుకోవాలి కదా, అందుకని అదీ జరగలేదు.

ఆ ఏడాది మే నెలలో మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. మామయ్య పోయిన తర్వాత అదే మొదటిసారి రావడం. మోకాలి ఆపరేషన్ అయిందని మా వారు ఆవిడని ఏ పనీ చెయ్యనివ్వరు. గరిటె పట్టుకుంటే "అమ్మా, నువ్వు కూర్చో". గిన్నె కడగబోతే "అమ్మా, డిష్‌వాషర్ ఉందిగా, నువ్వు కూర్చో". ప్రేమే, కాదనను. కానీ అరవై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషి సోఫాలో కూర్చుని కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ ఉంటే నాకు లోపల ఏదోలా ఉండేది. మాటలు కూడా తగ్గిపోయాయి. మామయ్య పేరు అయితే అసలు ఎత్తేవారు కాదు.

జూన్‌లో ఒకరోజు మా పెద్దాడు బంతి కోసం డెక్ కిందకి దూరి ఆ గ్రిల్‌ని బయటికి లాగాడు. అత్తయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "ఏమిటే అది?" అన్నారు.

"బొగ్గుల పొయ్యి అత్తయ్యా. దీనిమీద మాంసం కాలుస్తారు."

లేచి వచ్చి మూత తీసి చూశారు. అడుగున గాలి కంతలు చూశారు, మూత మీద ఇంకో గాలి కంత చూశారు. "కుంపటేగా! మూత ఉన్న కుంపటి," అన్నారు.

నిజమే కదా. కుంపటికి కింద గాలి పోయే దారి, మధ్యలో బొగ్గులు నిలిచే జల్లెడ, పైన వంట. ఇదీ అంతే. కొత్తగా వచ్చిందల్లా మూత. ఆ మూత కథ కూడా బాగుంటుంది. షికాగోలో వెబర్ బ్రదర్స్ అని ఇనప రేకుల పని చేసే కంపెనీ ఉండేది. ఓడలకి దారి చూపించడానికి నీళ్ళ మీద తేలే గుండ్రటి ఇనప డొల్లలు చేసేవారు. అందులో పనిచేసే జార్జ్ స్టీఫెన్ అనే ఆయనకి ఇంట్లో తెరిచి ఉన్న పొయ్యి మీద గాలికి, మంటలకి మాంసం మాడిపోతోందని విసుగు. 1952లో ఆ డొల్ల ఆకారాన్నే సగానికి కోసినట్టు చేసి, కింద సగం పొయ్యి, పై సగం మూత చేసేశాడు. ఇప్పుడు అమెరికాలో చాలా పెరళ్ళలో కనిపించేది ఆ బానే.

ఇక అసలు సమస్య. అత్తయ్య మూత లోపలి జిడ్డు వేలితో గీరి చూసి, "దీని మీద ఏమేం వండారో?" అన్నారు.

అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది. "గొడ్డు మాంసం కూడా వండే ఉంటారు అత్తయ్యా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. లోపలికి వెళ్ళి కడుక్కున్నారు. మా ఇంట్లో కోడీ చేపా తింటాం కానీ అది వేరు, ఇది వేరు, మీకు తెలుసుగా. ఇంక ఆ కథ అక్కడితో సరి అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ తనే ఎత్తారు. "ఇనుముకి మైలేమిటే? మట్టికుండైతే పారెయ్యాలి. ఇనుమైతే కాలిస్తే సరిపోతుంది. ఆ పైన జాలీ మాత్రం కొత్తది తెప్పించు." ఆ పాత జాలీ ఎలాగూ తుప్పుపట్టి పెచ్చులూడిపోతోంది, వెంటనే ఆర్డరు పెట్టాను.

పని మూడు రోజులు పట్టింది. అత్తయ్య ఎత్తు కుర్చీలో కూర్చుని చెప్పడం, నేను, పెద్దాడు తోమడం. కాసేపటికి కుర్చీ పక్కకి జరిగింది, ఆవిడ చేతిలోకి పీచు వచ్చింది. మా వారు ఆఫీసులో ఉన్నారు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు.

మొదట బూడిద. పొడిగా ఉన్నప్పుడే తీసెయ్యాల్సింది, తడిస్తే సిమెంటులా పట్టేస్తుంది. పైగా తడి బూడిద తేమని పట్టి ఉంచుతుంది, దాంతో ఇనుము తుప్పు పడుతుంది. ఈ గ్రిళ్ళు ఎక్కువగా అడుగు నుంచే పాడవడానికి కారణం అదే. మా బాన అడుగున గాలి కంతల దగ్గర రెండు చోట్ల తుప్పు పట్టింది కానీ చిల్లు పడలేదు, అదృష్టం. బూడిద చూడగానే అత్తయ్య, "దీంతోనే తోముదాం" అన్నారు. కట్టెల బూడిదైతే నిజంగానే పనిచేస్తుంది. దాంట్లో క్షారం జిడ్డుతో కలిసి సబ్బులా మారుతుంది, మన అమ్మమ్మలు ఊరికే తోమలేదు. కానీ ఇక్కడ వాడేవి అచ్చు పోసిన బొగ్గులు. వాటిలో ఏమేం కలుపుతారో ఏమో అని వద్దన్నాను.

అచ్చు బొగ్గుల సంగతి చెబితే ఆవిడ నవ్వారు. కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్, కార్లకి వాడగా మిగిలిన చెక్కముక్కలు వృథా కాకుండా బొగ్గు చేయించి, పొడి చేయించి, పిండితో కలిపి అచ్చులు పోయించి అమ్మాడు. "మా అమ్మ బొగ్గుపొడిలో పేడ కలిపి ఉండలు చేసి గోడ పక్కన ఎండబెట్టేది. మరి మా అమ్మకి కార్లు లేవు," అన్నారు అత్తయ్య.

రెండో రోజు మూత. లోపల నల్లటి పెచ్చులు వేలాడుతుంటే మా వారు ఎప్పుడూ "రంగు ఊడిపోతోంది, తిండిలో పడుతుంది, విషం" అనేవారు. చాలామంది అదే అనుకుని మంచి గ్రిల్‌ని రోడ్డు మీద పెట్టేస్తారు. అది రంగు కాదండీ. ఇలాంటి మంచి రకం గ్రిళ్ళకి రంగు వెయ్యరు, గాజు పొడిని ఉక్కు రేకు మీద వేసి కొలిమిలో కరిగించి పింగాణీ పూత పూస్తారు. అది పెచ్చులుగా లేవదు, దెబ్బ తగిలితే గాజులా ముక్క రాలుతుందంతే. పెచ్చులు ఏళ్ళ తరబడి పట్టిన పొగ, కొవ్వు కాలి బొగ్గయిన పొరలు. వేళ్ళ మధ్య నలిపితే పొడైపోతాయి. ప్లాస్టిక్ గరిటెతో గోకితే చేటెడు రాలాయి. తర్వాత వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, వంటసోడా ముద్ద పట్టించి గంట ఆగి తోమితే లోపల నల్లటి అద్దం బయటపడింది. పెద్దాడు అందులో మొహం చూసుకున్నాడు.

అడుగున బూడిద పడే పళ్ళెం అల్యూమినియంది. ఇక్కడ అవెన్ శుభ్రం చేసే స్ప్రేలు దొరుకుతాయి, చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అల్యూమినియం మీద అది కొడితే లోహాన్నే తినేస్తుంది, కొట్టకండి. అత్తయ్య పప్పులోకి పిండేసిన నిమ్మచెక్కలు దాచిపెట్టి, ఉప్పు అద్ది వాటితో రుద్దారు. తెల్లగా వచ్చింది. గాలి కంతలు మూసే రేకులు జిడ్డుకి బిగుసుకుపోతే వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, చెంచాడు నూనె వేసి రాత్రంతా వదిలేశాం. పొద్దున కిర్రుమంటూ తిరిగాయి.

తీగల బ్రష్ మాత్రం కొననివ్వలేదు నేను. దాని తీగలు ఊడి జాలీకి అతుక్కుని, తిండితో పాటు గొంతులోకి దిగి ఆపరేషన్ల దాకా వెళ్ళిన కేసులు ఇక్కడి డాక్టర్లు రాశారు. దానికి అత్తయ్య దగ్గర మందు ఎప్పటి నుంచో ఉంది. సగానికి కోసిన ఉల్లిపాయ ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి, వేడి జాలీ మీద రుద్దడం. దోసె పెనం సంగతేగా!

శనివారం సాయంత్రం బొగ్గులు వెలిగించాం. మా వారు కిరసనాయిలు లాంటి ద్రవం సీసా తెస్తే అత్తయ్య "అది పోస్తే కూరంతా ఆ వాసనే" అని పక్కన పెట్టించారు. కింద పాత కాగితాలు, పైన బొగ్గులు, చేతిలో అట్టముక్క. విసనకర్ర విసిరినట్టు విసిరారు. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఎవరినీ ఏమీ పెట్టనివ్వలేదు. మొదట ఖాళీగా మూతపెట్టి అరగంట కాల్చాం, మైల పోవడానికో జిడ్డు పోవడానికో మీరే అనుకోండి. వాన వస్తుందేమో, గరాజులోకి జరుపుదామా అని మా వారు అంటే గట్టిగా కసిరారు. "తలుపులేసిన చోట బొగ్గులు పెడతార్రా ఎవరైనా? ఆ గాలి మనుషుల్ని చంపేస్తుంది." నిజం, ఆ విషవాయువుకి రంగూ వాసనా ఉండవు.

నూనె రాసిన పెద్ద వంకాయలు నాలుగు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, పిల్లలకి మొక్కజొన్న పొత్తులు. వంకాయ తొక్క నల్లబడి పగిలి, కాడ దగ్గర రసం ఉడుకుతుంటే ఆవిడ ఒంటిచేత్తో తిప్పుతూ, ఎవరితోనో కాదు, పొయ్యితో అన్నట్టు అన్నారు. "మీ మామయ్యకి గ్యాసు మీద కాల్చిన వంకాయ పనికొచ్చేది కాదు. కుంపటి తీసేసిన రోజు మూడు రోజులు మాట్లాడలేదు నాతో."

మా వారు పక్కన నిలబడి విన్నారు. "కూర్చో" అనలేదు. పొత్తులు తిప్పడానికి పట్టకారు అందించారు.

పచ్చడి ఎలా ఉందో చెప్పక్కర్లేదు. తినడం అయ్యాక పైనా కిందా కంతలు మూసేయించారు. గాలి ఆడక బొగ్గులు ఆరిపోతాయి, మిగిలినవి వచ్చేసారి వాడుకోవచ్చు. పొడి బొగ్గు పారెయ్యడం ఆవిడకి ప్రాణం పోయినంత పని.

అక్టోబరులో అత్తయ్య తెనాలి వెళ్ళిపోయారు. ఆదివారం ఫోను చేస్తే పిల్లల్ని, నన్ను అడిగాక, మా వారికి ఇవ్వమంటారు. ఈయన ముందుగానే చెప్పేస్తారిప్పుడు: "తీశానమ్మా. బూడిద తీసి, మూత పెట్టి, పట్టా కప్పాను."