ఎవరిని పిలవాలి?

మా పిన్ని కొడుకు టెక్సస్‌లోని ప్లేనోలో ఇల్లు కొంటున్నాడు. 2003లో కట్టిన ఇల్లు. క్లోజింగ్ ఇంకో పది రోజులుందనగా ఓ రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అక్కా, హోమ్ వారంటీ తీసుకోమంటావా? రియల్టర్ తీసుకోమంటున్నాడు, ఆఫీసులో అందరూ దండగ అంటున్నారు. మీరు తీసుకున్నారుగా, ఎలా ఉంది?"

తీసుకున్నాం. ఇంట్లో మెషిన్లు ఆగితే బాగుచేయిస్తామని ఏడాదికింతని కట్టించుకునే ఒప్పందం అది. మూడేళ్ళు ఉంచుకున్నాం. ఆ మూడేళ్ళలో ఏం జరిగిందో వాడికి చెప్పేసరికి పదకొండున్నర దాటింది.

మొదటి ఏడాది డబ్బులు మాకు ఇల్లు అమ్మినవాళ్ళే కట్టారు. ఇక్కడది మామూలే. టెక్సస్‌లో ఇల్లు కొనే ఒప్పందంలో దానికోసమే ఒక ఖాళీ ఉంటుంది, ఇంత వరకు సెల్లర్ ఇస్తాడని అందులో రాసుకోవచ్చు. ఆ ఏడు డిష్‌వాషర్ మొరాయించింది, తర్వాత సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ బిగుసుకుపోయింది. మనిషి వచ్చిన ప్రతిసారీ డెబ్బై అయిదు డాలర్లు ఇచ్చాం, పని అయిపోయింది. ఊరికి కొత్త. ప్లంబర్ ఎవరో, ఎలక్ట్రీషియన్ ఎవరో తెలియదు. ఒక నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారన్నది అప్పట్లో మాకు కొండంత ధైర్యం. రెండో ఏడు, మూడో ఏడు మా డబ్బుతోనే కట్టుకున్నాం.

మూడో ఏడు ఆగస్టులో ఏసీ ఆగింది. బయట నూట అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. తడిపిన తువ్వాలు మెడకి చుట్టుకుని హాల్లో ఫ్యాను కింద కూర్చుని, "తెనాలి ఎండలు చూసినదాన్ని, నాకేం కాదులే" అంటూనే ఉంది. ఆవిడ మొహం చూస్తుంటే నాకు భయం వేసేది. కంపెనీ వాళ్ళు పంపిన మనిషి నాలుగో రోజుకి వచ్చాడు. మనకి నచ్చినవాణ్ణి పిలుచుకునే వీల్లేదు, వాళ్ళు పంపినవాడే రావాలి. వచ్చినతను పది నిమిషాలు చూసి, కంప్రెసర్ పోయిందన్నాడు, కాయిల్ మురికిపట్టి ఉందని రాసుకున్నాడు. రెండు రోజులకి ఈమెయిల్ వచ్చింది. ఏటా సర్వీసింగ్ చేయించిన రసీదులు లేవు కాబట్టి డబ్బు ఇవ్వలేమని. అమ్మని మా ఆడపడుచు ఇంటికి పంపించాం.

పక్కింటివాళ్ళు ఒక పెద్దాయన నంబరు ఇచ్చారు. ఆ సాయంత్రమే వచ్చాడు. బయటి యూనిట్‌కి కరెంటు తీసేసి, రేకు విప్పి, లోపలి నుంచి చిన్న గ్లాసంత వెండిరంగు డబ్బా బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. దాని పై మూత పూరీలా ఉబ్బి ఉంది. కెపాసిటర్. కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టాలంటే కావలసిన మొదటి ఊపు దాన్నుంచే రావాలి. అది పోతే కంప్రెసర్ మూలుగుతుందే తప్ప తిరగదు. ఇరవై నిమిషాల్లో కొత్తది బిగించాడు, నూట ఎనభై డాలర్లు తీసుకున్నాడు. చచ్చిపోయిందన్న ఆ కంప్రెసర్ మరో అయిదేళ్ళు పనిచేసింది. ఆ డబ్బా ఇప్పటికీ మా గరాజ్‌లో ఉంది.

"అయితే వద్దంటావు" అన్నాడు తమ్ముడు. అంత తేలిగ్గా అనలేను.

వాడికి ముందు ఇన్సూరెన్స్‌కీ దీనికీ తేడా చెప్పాల్సి వచ్చింది. వడగళ్ళకి కప్పు దెబ్బతింటే, హఠాత్తుగా పైపు పగిలితే ఇన్సూరెన్స్. 2021 ఫిబ్రవరి మంచుకి మా వీధిలో పైపులు పగిలిన ఇళ్ళవాళ్ళకి అక్కరకొచ్చింది అదే. వాడగా వాడగా అరిగిపోయి ఆగిన వస్తువు జోలికి ఇన్సూరెన్స్ రాదు. ఆ ఖాళీలో అమ్ముతున్నదే హోమ్ వారంటీ. పేరుకి వారంటీ, టెక్సస్ చట్టంలో మాత్రం దాన్ని సర్వీస్ కాంట్రాక్ట్ అంటారు. అందుకే కాంట్రాక్ట్‌లో ఏం రాశారన్నదే లెక్క, సేల్స్ అమ్మాయి ఫోన్లో చెప్పినది కాదు.

వాడికొచ్చిన కాంట్రాక్ట్ పంపించమన్నాను. ఏడాదికి 640 డాలర్లు, మనిషి వచ్చిన ప్రతిసారీ వంద. ఇచ్చేవి ఒక పేజీలో ఉన్నాయి. ఇవ్వనివి నాలుగు పేజీలు. ఆ నాలుగూ ఇద్దరం ఫోన్లోనే మెల్లిగా చదివాం. ఏసీకి మూడు వేలు మించి ఇవ్వరు. ఇక్కడ పాతది తీసేసి కొత్తది మొత్తం పెట్టించాలంటే పది వేలు ఎటూ పోవు. వాటర్ హీటర్ మారుస్తారు, కానీ అది కారి తడిసిన సీలింగ్ వాళ్ళ పూచీ కాదు. కొత్త రూల్స్ ప్రకారం అదనంగా బిగించాల్సిన వాటి ఖర్చు మనదే. ఇంట్లో చేరకముందే ఉన్న లోపాలకి పైసా రాదు.

ఆ చివరి మాట దగ్గర వాణ్ణి ఆపాను. ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో "హీటర్ అడుగున తుప్పు" అని ఉంటే, రేపు అది కారినప్పుడు కంపెనీ చూపించేది ఆ లైనే. అలాంటివి వారంటీకి వదిలెయ్యకూడదు. క్లోజింగ్‌కి ముందే సెల్లర్ చేత బాగుచేయించాలి, లేదా ధరలో తగ్గించుకోవాలి.

"రేపు పొద్దున్నే ఆ ఇంటికెళ్ళి మెషిన్ల మీద ప్లేట్లు ఫోటో తీసి పంపించు" అన్నాను. ఏ ఏడాది తయారైందో వాటి మీద ఉంటుంది, లేదా సీరియల్ నంబరులో దొరుకుతుంది. ఏసీ ప్లేటు మీద ఆర్-22 అని ఉంటే జాగ్రత్తపడాలి. ఆ గ్యాస్ కొత్తగా తయారు చెయ్యడం, దిగుమతి చెయ్యడం ఈ దేశంలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి, మిగిలిన నిల్వలు, పాత మెషిన్ల నుంచి తీసి శుద్ధిచేసినదే అమ్ముతున్నారు. ఈ కాంట్రాక్ట్‌లో గ్యాస్‌కి కూడా పరిమితి ఉంది.

నా మట్టుకు నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది ఒకటే. మేం ఆ డబ్బు కట్టింది మెషిన్ల కోసం కాదు. తెనాలిలో మోటారు ఆగితే ఎవరిని పిలవాలా అని నాన్న ఆలోచించగా నేను చూడలేదు. సందు చివర సైకిల్ షాపులో చెబితే మెకానిక్ వచ్చేవాడు, ఆ మోటారు వయసు కూడా అతనికి తెలుసు. ఇక్కడ దిగినప్పుడు మాకు కరువైంది ఆ మనిషే. అతని స్థానంలో మేం ఒక ఫోన్ నంబరు కొనుక్కున్నాం. మొదటి ఏడు దాని విలువ ఉంది. మూడో ఏటికి మేమే మంచి మనిషిని వెతుక్కుని ఉండాల్సింది. అమ్మ అన్ని రోజులు ఆ వేడిలో కూర్చోవాల్సిన పని ఉండేది కాదు.

అందుకని తమ్ముడితో చెప్పాను: సెల్లర్ కడితే తీసుకో. ఆ ఏడాదిలో మనుషుల్ని సంపాదించుకో. ఏసీకి ఏటా సర్వీసింగ్ చేయించి రసీదులు దాచు. నెలకి వంద డాలర్లు ఇంటి పేరున వేరే ఖాతాలో వెయ్యి. రెండో ఏడు కట్టాలా వద్దా అన్నది ఆ ఖాతాలో ఎంతుందో, నీ ఫోన్లో ఎవరి నంబర్లున్నాయో చూసుకుని అప్పుడు తేల్చుకో.

మర్నాడు తొమ్మిదింటికి ఫోటోలు వచ్చాయి. అటకెక్కి తీసినవి. ఇక్కడి చాలా ఇళ్ళలోలాగే వాటర్ హీటర్ అక్కడే ఉంది. ప్లేటు మీద 2011. దాని కింది పళ్ళెంలో గోధుమరంగు చార, ఒక మూల కాస్త తడి. వెంటనే ఫోన్ కూడా.

"అక్కా, మీ పెద్దాయన నంబరు పంపిస్తావా?"