రాసిచ్చిన మాట

ఆడిన మాట తప్పకూడదని చిన్నప్పుడు మా నాన్నగారు తెగ చెప్పేవారు. ఆ మాట విలువ నాకు మాత్రం కెనడా వచ్చాకగాని తెలియలేదు.

మేము విజయవాడలో వుండగా ఆ దేశంలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నాము. ఇంగ్లీషు పరీక్షలో మావారికంటే నాకే మార్కులు ఎక్కువ వచ్చాయి. అంచేత దరఖాస్తు నా పేరనే వెళ్లింది. "ఇకనుంచి యింటి యజమానివి నువ్వే!" అని మావారు నవ్వారు. వయస్సు, చదువు, అనుభవం, భాష అన్నీ కలిపి నాకు వచ్చినవి 441 మార్కులు. పిలుపు అందుతున్నవాళ్లకేమో 500 చుట్టూ వున్నాయి. ఆశ వదులుకున్నాము.

అప్పుడు తెలిసింది, అక్కడి రాష్ట్రప్రభుత్వాలు తమకు కావలసినవారిని తామే ఎంచుకుని కేంద్రానికి సిఫారసు చేస్తాయని. ఆ సిఫారసు దొరికితే ఒక్కసారిగా 600 మార్కులు కలుస్తాయి! సస్కాచెవాన్ రాష్ట్రానికి రాశాను. అక్కడే కాపురముంటామనీ, అక్కడే ఉద్యోగాలు చేసుకుంటామనీ కాయితం మీద పెట్టి సంతకం చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ రాష్ట్రం ఎక్కడుందో పటంలో వెతుక్కోవలసి వచ్చింది. నా మనసంతా టొరంటోలో, అన్నయ్యా వదినా వున్న వీధిలోనే వుంది.

2023లో సిఫారసు వచ్చింది. కేంద్రం వారి వైద్యపరీక్షలూ, పోలీసు కాయితాలూ అయ్యాక, 2024 జనవరిలో రెజైనాలో దిగాము. గాలితో కలిపితే చలి సున్నాకు దిగువ 40 డిగ్రీలు! రాత్రిపూట ఇంజను గడ్డకట్టకుండా కార్లకు కరెంటు తీగ తగిలిస్తారు, మనం గేదెను గుంజకు కట్టేసినట్టు. కొట్లో మైసూరుపప్పు కొన్నాము. అది ఆ రాష్ట్రపు పొలాల్లో పండిందేనట. ఇక్కణ్ణించి మన దేశానికి కూడా ఓడలమీద వెళుతుందట. "అయితే యిన్నాళ్లూ మనం వీళ్ల పప్పే తిన్నామన్నమాట!" అన్నారు మావారు.

నాకు ఒక ఆఫీసులో లెక్కలు రాసే పని దొరికింది. 2025లో అన్నయ్య ఫోను చేశాడు. టొరంటోలో మావారికి మంచి ఉద్యోగం చూశాడు. "రాసిచ్చామే, అన్నయ్యా" అన్నాను. "పిచ్చిదానా, శాశ్వత నివాసులు ఏ రాష్ట్రంలోనైనా వుండవచ్చని 1982 నాటి హక్కుల పత్రంలోనే వుంది. నిన్నెవరడుగుతారు?" అన్నాడు. హక్కు వున్నమాట నిజమే. అట్టపెట్టెలు తెచ్చి సామాను సర్దడం మొదలుపెట్టాను.

మా ఆఫీసులో గుంటూరు అమ్మాయి ఒకతె వుండేది. తాత్కాలిక పర్మిటుమీద వచ్చి, యీ రాష్ట్రపు సిఫారసుకోసం ఎదురుచూస్తోంది. ఏటా ఒక్కొక్క రాష్ట్రానికి యిన్ని సిఫారసులని కేంద్రం వాటా కడుతుంది. 2025 మొదట్లో ఆ వాటాలను సగానికి కోసింది. ఆమె పేరు రానేలేదు. పర్మిటు గడువు దగ్గరపడింది.

ఒకనాటి సాయంత్రం మా యింటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది: "అక్కా, మీరు టొరంటో వెళుతున్నారటగా. ఖాళీపెట్టెలు మిగిలితే రెండు యిస్తారా? నేను కూడా సర్దుకోవాలి."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వుంటే నాకు తేలికగా వుండేది. ఈ వూళ్లో వుంటానని ఆమె ఎక్కడా రాసివ్వలేదు. అయినా వుండాలని ఆమెకు వుంది. రాసిచ్చిన నేను వెళ్లిపోతున్నాను.

ఆ రాత్రి నేను పెట్టెల్లోంచి గిన్నెలు తీస్తుంటే మావారు కాసేపు చూశారు. ఏమీ అడగలేదు. తరవాత తనూ కూర్చుని పుస్తకాలు తీయసాగారు. అన్నయ్యకు ఫోను కూడా ఆయనే చేశారు. "ఉప్పు తిన్న విశ్వాసం అంటారు కదా, బావగారూ. మాది పప్పు తిన్న విశ్వాసం" అన్నారు.

మర్నాడు ఆ అమ్మాయికి పెట్టెలన్నీ యిచ్చాను. అంతకన్న నేను యివ్వగలిగింది ఏమీ లేకపోయింది.