పన్నెండు బకెట్ల టమాట తోట

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాయాలేమో అనుకున్నాం. కానీ మన హాస్టల్ అనగానే మాకు మొదట గుర్తొచ్చేది డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన వరుసగా పెట్టిన పన్నెండు పెయింట్ బకెట్లు. వాటి గురించి, ఆ రోజుల్లో మేము చెప్పిన ఒక అబద్ధం గురించి రాస్తున్నాం.

మేము ఇద్దరం అన్నదమ్ములం. మాది ప్రొద్దుటూరు. ఆ పేరు చెప్పగానే అందరూ కడప జిల్లాలోని బంగారం కొట్ల ఊరనుకుంటారు. మాది శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరు. 2016లో పెద్దవాడు తొమ్మిదో తరగతి, చిన్నవాడు ఎనిమిది. నాయిన ఎకరం చేను కౌలుకు చేసేవాడు. అమ్మ మొయినాబాద్ దిక్కు పాలీహౌస్‌లకు కూలికి పోయేది. హాస్టల్లో చేరిన కొత్తలో పక్క పెట్టె పిల్లలు "మీ అమ్మ ఏం చేస్తది?" అని అడిగితే "పూల కంపెనీలో సూపర్‌వైజర్" అని చెప్పాం. ఇద్దరం కలిసి చెప్పాం కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి రోడ్ల మీద పోయే వాళ్లందరికీ ఆ తెల్లని ప్లాస్టిక్ కప్పుల షెడ్లు తెలిసినవే. లోపల జెర్బెరా, కార్నేషన్ పూలు, క్యాప్సికం, కీరా, టమాట పండిస్తారు. ఎకరం పాలీహౌస్ కట్టాలంటే ముప్పై లక్షలు దాటుతుంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం 75 శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు 95 శాతం సబ్సిడీ ప్రకటించింది. కానీ దానికి పట్టా ఉండాలి, బోరులో నీళ్లుండాలి. కౌలు చేను మీద పాలీహౌస్ రాదు. అందుకే మా ఇంట్లో పాలీహౌస్ అంటే అమ్మకు దొరికే రోజు కూలి మాత్రమే.

ఆ ఏడు హాస్టల్‌కు రంగులు వేసి పోయిన వాళ్లు ఖాళీ బకెట్లు వదిలేశారు. పారేయడం ఎందుకని వార్డెన్ సార్‌ను అడిగితే, "స్టడీ అవర్ ఎగ్గొట్టనంటే ఏమైనా పెట్టుకోండి" అన్నారు. మేము, మా గదివాళ్లు మరో ఆరుగురం కలిసి వాటి అడుగున మేకుతో బొక్కలు పెట్టాం. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి నింపాం. చేవెళ్లలో కొన్న పొట్టి రకం నారు ఆరు బకెట్లలో పెట్టాం. మిగతా ఆరింటికి అమ్మ మేస్త్రీని అడిగి, మిగిలిన పాలీహౌస్ నారు తడిగుడ్డలో చుట్టి నాయినతో పంపింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మాకూ పాలీహౌస్ కావాలనిపించింది. కట్టెలు పాతి, పాత ప్లాస్టిక్ పట్టా తెచ్చి పైనా పక్కలా బిర్రుగా కప్పేశాం. మొక్కలు నెల రోజుల్లో మోకాళ్ల ఎత్తు దాటాయి. పూలు విరగబూశాయి. మా సంబరం వారం రోజులే. పొద్దున్నే పోయి చూస్తే పూలన్నీ కాడతో సహా రాలి బకెట్ల చుట్టూ పసుపు చల్లినట్టు పడి ఉండేవి. నీళ్లు ఎక్కువ పోశాం, తక్కువ పోశాం, బియ్యం కడిగిన నీళ్లు పోశాం. ఒక్క పిందె నిలవలేదు.

ఒక ఆదివారం అమ్మ వచ్చింది. పనిలో నుంచి సగం పూట సెలవడిగి అటునుంచి అటే వచ్చింది. చీర మీద నాయిన పాత చొక్కా, తలకు తువ్వాల, చేతి వేళ్ల సందుల్లో ఆకు పసరు నలుపు. గేటు దగ్గర చూసి మేము ముందుకు పోవడానికి వెనుకాడాం. పది మంది పిల్లలు చూస్తున్నారు. అమ్మ అదేమీ పట్టించుకోకుండా "టమాటలు ఎట్లున్నయి బిడ్డా?" అంటూ డాబా ఎక్కింది.

పట్టా లోపలికి తల పెట్టి, "ఇంత బిర్రుగ కప్పితే ఎట్ల? ఉడికిపోతున్నయి" అని రెండు పక్కలా పట్టా విప్పేసింది. తర్వాత ఒక్కో పూగుత్తి వెనక వేలితో మెల్లగా టక్ టక్‌మని కొట్టుకుంటూ పోయింది. "షెడ్డుల గాలి ఆడదు. గాలి చేసే పని మనం చెయ్యాలె. రోజూ పొద్దెక్కినంక ఇట్ల కొట్టుండ్రి" అంది. మేము పొట్టి రకానికి కూడా పక్క కొమ్మలు తుంచేశామని చూసి, "దీనికి తుంచొద్దు, కొమ్మలకే కాత. పొడుగు పాకేదానికే తుంచాలె, తాడు కట్టి పైకి ఎక్కించాలె" అని చూపించింది. పట్టా తీసిన పక్కలకు పాత దోమతెర కట్టమంది. కాయతొలిచే పురుగు రెక్కల పురుగును అది ఆపుతుంది. తెల్లదోమ అంతకన్నా చిన్నది, దోమతెరలో నుంచి దూరిపోతుంది. దానికోసం పసుపు రంగు డబ్బా మూతలకు ఆముదం పూసి వేలాడదీయించింది.

మా గదివాళ్లు చుట్టూ చేరి అడిగిందే అడిగారు. ఒకడు "సూపర్‌వైజర్ కదా, అన్నీ తెలుసు" అన్నాడు. అమ్మ నవ్వి, "సూపర్‌వైజర్ ఎవరు కొడుకా? నేను కూలిదాన్ని" అంది. మా తలలు వంగిపోయాయి. అమ్మ మా వంక ఒకసారి చూసింది గానీ ఏమీ అనలేదు. పోయేటప్పుడు ఎప్పటిలాగే ఇద్దరి చేతుల్లో చెరో పది రూపాయలు పెట్టింది. ఆ రాత్రి మేమిద్దరం మాట్లాడుకోలేదు. విచిత్రం ఏమిటంటే, మమ్మల్ని ఎవరూ ఎగతాళి చేయలేదు. మరుసటి ఆదివారం నుంచి గదివాళ్లంతా "టమాట టీచరమ్మ ఎప్పుడొస్తది?" అని అడగడం మొదలుపెట్టారు.

తర్వాత పిందెలు నిలిచాయి. రెండు మొక్కలు వడలిపోయాయి. కొన్ని కాయలకు అడుగున నల్లమచ్చ వచ్చింది. ఒకరోజు మరిచిపోయి మరుసటి రోజు రెండింతలు పోస్తే, కాయకు సున్నం సరిగా అందక అలా అవుతుందని తర్వాత తెలిసింది. మిగతా పది బకెట్ల నుంచి ఫిబ్రవరి చివరికి 27 కిలోలు దిగాయి. వంటాయన వాటితో చేసిన పప్పు తిన్న రోజు హాస్టలంతా రెండోసారి వడ్డించుకుంది.

అదే చలికాలం, నోట్ల రద్దు తర్వాత, టమాట ధర పడిపోయింది. కిలోకు ఐదు రూపాయలు కూడా రాక, కోత కూలి దండగని నాయిన చేనంతా పశువులకు వదిలేశాడు. ఆ రేటుకు లెక్కేస్తే మా డాబా పంట 135 రూపాయలు. అదే టమాట 2023 జూలైలో హైదరాబాద్‌లో కిలో 150 దాటింది. సెప్టెంబర్‌కల్లా మళ్లీ దిగింది. పండించడం నేర్చినంత మాత్రాన కష్టం తీరదని మాకు ఇంట్లోనే తెలుసు. కానీ ఆ నేర్పు చిన్నదేమీ కాదని బకెట్లే చెప్పాయి.

ఇప్పుడు చిన్నవాడు ఇంటర్ దగ్గర ఆగి నర్సరీలో నారు పెంచుతున్నాడు. పెద్దవాడు ఎమ్మెస్సీ బోటనీ. టమాట పువ్వులో పుప్పొడి సంచులు గొట్టంలా కలిసి ఉంటాయని, కదిలిస్తేనే పుప్పొడి లోపలి కీలాగ్రం మీద రాలుతుందని క్లాసులో చెప్పినప్పుడు, అమ్మ వేలు కళ్ల ముందు కదిలింది. పీజీ దరఖాస్తులో తల్లి వృత్తి అన్న గడిలో "పాలీహౌస్ కూలీ" అనే రాశాం.

తమ్ముళ్లూ, మీరూ పెట్టి చూడండి. కనీసం పదిహేను లీటర్ల బకెట్‌కు ఒక్క మొక్కే పెట్టండి. ఆరేడు గంటల ఎండ తగలనివ్వండి. నీళ్లు రోజూ ఒకే తీరుగా పోయండి. తెగుళ్ల భయముంటే బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ వేయండి. ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా వడలు తెగులును, ముందుగా వచ్చే ఆకుమాడును తట్టుకుంటుంది. హైబ్రిడ్ కాబట్టి దాని గింజలు దాచి మళ్లీ వేయకండి. ఎక్కడైనా సందేహం వస్తే, ఆదివారం మిమ్మల్ని చూడటానికి గేటు దగ్గర నిలబడే వాళ్లను అడగండి. వాళ్లకు తెలిసే ఉంటుంది.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (బోటనీ)