ఉప్పల్ రోడ్డుకు నల్లమల చుట్టం

ఉప్పల్ నుంచి హబ్సిగూడ వైపు మెట్రోలో వెళ్తుంటే కింద కనిపించేది ట్రాఫిక్, దుకాణాలు, ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలోని చెట్లు. హబ్సిగూడ చౌరస్తాలో ఒక దారి నాచారం ఫ్యాక్టరీల వైపు మళ్లుతుంది. సీసీఎంబీ ఉన్నది ఈ ఉప్పల్ రోడ్డు మీదే. నల్లమలలో రాత్రిళ్లు తిరిగే ఓ బుల్లి ప్రాణికి ఈ రోడ్డుతో చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

దాని పేరు మూషిక జింక. పేరులో మూషికం ఉన్నా ఎలుక జాతి కాదు. జింకలా కనిపించినా అసలు జింకల కుటుంబమూ కాదు! బరువు సుమారు 3 కిలోలు. కొమ్ములుండవు. మగవాటికి చిన్న కోరలుంటాయి. ఒంటినిండా తెల్లటి మచ్చలు, చారలు. పగలు చెట్టు తొర్రల్లోనో పొదల్లోనో నక్కి, చీకటి పడ్డాక రాలిన పళ్లూ ఆకులూ తింటుంది.

ప్రపంచం మొత్తమ్మీద చూస్తే ఇది అంతరించే దశలో లేదు. కానీ మాంసం కోసం పన్నే ఉచ్చులు, కార్చిచ్చులు దీన్ని చాలాచోట్ల అరుదు చేశాయి. పైగా చుట్టూ పొలాలూ రోడ్లూ వచ్చిపడ్డాక అడవి ముక్క దీవిలా మిగులుతుంది. అక్కడున్నవి పోతే పక్క అడవి నుంచి కొత్తవి రావడం కష్టం.

అందుకే 2010లో నెహ్రూ జూపార్కులో వీటి పెంపకం మొదలైంది. సీసీఎంబీకి చెందిన అత్తాపూర్‌లోని లాకోన్స్ పరిశోధనశాల, జూ అధికారులు, కేంద్ర జూ ప్రాధికార సంస్థ చేతులు కలిపారు. అసలే బెదురుగొడ్డు, పట్టుకుని పరీక్షించడం కుదరదు. పెంటికల్లోని హార్మోన్లను చూసి చూలు సంగతి తెలుసుకున్నారు. ఆరింటితో మొదలైన మంద కొన్నేళ్లలోనే రెండు వందలు దాటింది. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు.

చిక్కు ఇప్పుడే ఉంది. ఆరింటి సంతానమంటే అన్నీ దగ్గరి బంధువులే. జతలు కట్టేముందు డీఎన్‌ఏ చూసుకోకపోతే తరాలు గడిచేకొద్దీ బలహీనపడతాయి. జూలో పుట్టిన పిల్లకు చిరుత తెలియదు, ఉచ్చు అసలే తెలియదు. చిరుత నుంచి దాక్కోవడం నేర్చుకోవచ్చు. ఉచ్చును తీయాల్సింది మాత్రం మనిషే.

శ్రీశైలం దారిలో మన్ననూరు వద్ద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు. విసుక్కోకండి. ఆ వేళ రోడ్డు దాటేవాళ్లు వేరే ఉన్నారు!